నీళ్లు పోసే చేతులు

నర్సింగమ్మ చేయి తగిలిన పసిపిల్లకు గజ్జి లేస్తుందన్న సంగతి ఆ ఊళ్లో అందరికీ తెలుసు. కేతేపల్లికి అవతల, మూసీ కాలువ కింద ఉన్న ఆ చిన్న ఊళ్లో ఈ సంగతిని మొదట ఎవరు కనిపెట్టారో మాత్రం ఎవరికీ తెలియదు. పాలకేంద్రం దగ్గర విన్నామని కొందరనేవారు. పాలకేంద్రం వారిని అడిగితే కిరాణా దుకాణం దగ్గర విన్నామనేవారు. కళ్లారా చూసినవారు ఒక్కరూ లేరు. అనుమానించినవారూ ఒక్కరూ లేరు. సాక్ష్యం కావాలంటే నర్సింగమ్మ చేతులే ఉన్నాయి. వేళ్ల సందుల్లో తెల్లటి పొరలు లేచి, కణుపుల మీద ఎండిన మడిలా నెర్రెలు విచ్చి, ఆ నెర్రెల్లో ఎర్రగా తడి మెరుస్తూ ఉండే చేతులవి. ఊరి పసిపిల్లలందరికీ నీళ్లు పోసేది ఆ చేతులతోనే. ఇంతకన్నా రుజువేం కావాలి?

ఆ సంగతి చేరనిది ఒక్క నర్సింగమ్మకే. దీపావళి వెళ్లిన వారంలో ఒక పొద్దున అది ఆమెకూ చేరింది.

ఆ రోజు ఆమె ఎప్పటిలాగే ప్రమీలమ్మ ఇంటి పెరట్లోకి వెళ్లింది. ప్రమీలమ్మ కూతురు రమ తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చి ఆడపిల్లను కన్నది. బిడ్డకు మూడో నెల నడుస్తోంది. నీళ్లపొయ్యి మీద కాగు పొగలు కక్కుతోంది. బండ మీద, నర్సింగమ్మ కూర్చోవలసిన పీట మీద, ప్రమీలమ్మ చీర మోకాళ్ల పైకి దోపుకుని కాళ్లు చాచి కూర్చుంది. ఆమె కాళ్ల మీద బోర్లా పడుకున్న పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది.

“గదేందే ప్రమీలా, నువ్వు కూసున్నవ్? లే, చీరంత నానుతది,” అంది నర్సింగమ్మ కొంగు నడుముకు చుట్టుకుంటూ.

“ఏంగాదత్తా. ఇయ్యాల్టి సంది నేనే పోసుకుంట.”

“కాళ్లు గంత ఎడం పెడితే పోరి నడుమ సందులకెల్లి జారదా? దగ్గరికి జరుపు.”

ప్రమీలమ్మ తనకు ఇష్టం లేకుండానే కాళ్లు దగ్గరికి జరిపింది. పిల్ల ఏడుపు కాస్త తగ్గింది. అది ప్రమీలమ్మకు నచ్చలేదు.

“పిల్లకు ఒళ్లంత పొక్కులు లేసినయి. రాత్రంత ఏడ్సుడే,” అంది. నర్సింగమ్మ ముఖం వైపు కాక చేతుల వైపు చూస్తూ అంది. “నీ చేతులు జర మానినంక రా అత్తా. నేను మొకం మీద చెప్తున్న గని అందరి తీర్గ ఎనకంగ అంటలేను.”

“ఎనకంగ ఎవలంటున్రే? ఏమంటున్రు?”

ప్రమీలమ్మ జవాబుకు బదులు చెంబెడు నీళ్లు గుమ్మరించింది.

గడప మీదికి వచ్చిన రమ, జడ అల్లుకుంటున్న చేతులు ఆపి, “అమ్మా, గట్లెట్లంటవే? నాకు నీళ్లు పోసింది గీ అవ్వ గాదా? నాకేమన్న లేసినయా?” అంది.

“అప్పుడు గీ చేతులు గిట్ల లేకుండె. బాలింతవు, చలిగాలికి నిలబడకు. లోపలికి నడువ్.”

నర్సింగమ్మ వంగి పిల్ల పాదాలను చూసింది. చెమటకాయలు ఆమెకు తెలుసు. ఉచ్చ తడికి ఎర్రబడే తొడలు తెలుసు. అరికాళ్ల మీద ఇలా ఆవగింజల్లాంటి పొక్కులు లేవడం మాత్రం కొత్తగా కనిపించింది. పాదం ఎత్తి చూద్దామని చేయి చాచింది. సగం దూరంలో ఆ చేయి తనంత తానే ఆగింది. ఇన్నేళ్లలో పసిపిల్లను చూసి ఆమె చేయి వెనక్కి రావడం అదే మొదలు.

పొద్దెక్కేలోగా మరో రెండిళ్ల తలుపు తట్టింది. ఒక ఇంట్లో పిల్లవాడికి జలుబన్నారు. ఇంకొక ఇంట్లో పొయ్యిలోకి కట్టెలు లేవన్నారు. ఆ ఇంటి ముందు కట్టెల మోపు నర్సింగమ్మ భుజమంత ఎత్తున ఉంది.

ఆమె ఇంటికి వచ్చి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టింది.

వేపాకు వేసి మరిగించిన నీళ్లలో గుప్పెడు బట్టల సోడా పోసింది. మోచేతుల దాకా ముంచి, బట్టల సబ్బుతో రుద్ది, కొబ్బరిపీచుతో తోమింది. నెర్రెల్లోకి సోడా దిగి కళ్ల వెంట నీళ్లు తెప్పించింది. మంట పుట్టిందంటే మందు పనిచేస్తోందని ఆమె నమ్మకం. మధ్యాహ్నం అన్నం తిని మళ్లీ తోమింది. సాయంత్రం దొడ్డి వెనక జిల్లేడు ఆకు తుంచి, ఆ పాలు పూసి, ఆరాక మళ్లీ తోమింది. ఎంత కడిగితే అంత శుద్ధి అన్నది ఆమె లెక్క. చర్మం లెక్క వేరేగా ఉంది. మర్నాటికి వేళ్లు ముడుచుకోలేకపోయాయి.

మనవరాలు వర్షిత ఇదంతా మంచం మీద నుంచి చూస్తోంది. ఆమె నర్సింగమ్మ కొడుకు లింగస్వామి కూతురు. నెలలు నిండి, తొలి కాన్పుకు ఇంటికి వచ్చి ఉంది. కూర్చుంటే లేవలేక, లేస్తే కూర్చోలేక, ఆ చికాకునంతా మాటల్లో తీర్చుకుంటోంది.

“అవ్వా, చేతులా అవి, బోల్లా? గట్ల తోముతవేంది?”

“నువ్వు మాట్లాడకు. నా పళ్లెం ముట్టుకున్నవా?”

వర్షిత అప్పుడు గమనించింది. అవ్వ తన పళ్లెం, గ్లాసు గోడవారకు జరిపి విడిగా బోర్లించుకుంది.

“ఇగ గిది మొదలువెట్టినవా? ఎవలో ఏదో అన్నరని?”

“అననీ. వాళ్ల పిల్లల కోసం వాళ్లు అంటరు.” నర్సింగమ్మ తడిచేతులను కొంగుకు తుడుచుకోకుండా గాలికి పట్టుకుంది. “నీకు పిల్ల పుట్టినంక నేను ముట్ట. దూరంకెల్లి చూస్త. చూస్తె అంటదు గద.”

“మరి నీళ్లెవలు పోస్తరు?”

“మీ అమ్మ లేదా?”

“అమ్మనా! నన్ను రెండుసార్లు జారిడిసిందని నువ్వే చెప్పినవ్.”

“రెండుసార్లు గాదు, ఒక్కసారే. ఇంకోసారి నేను పట్టుకున్న.”

ఇద్దరూ నవ్వారు. ముందుగా నవ్వు ఆపింది నర్సింగమ్మే. ఆ పిల్ల కడుపు మీద చేయి వేసి లోపలి కదలిక చూడడం ఆమెకు అలవాటు. ఆ సాయంత్రం చేతులు రెండూ కొంగులో చుట్టుకుని అరుగు మీదికి వెళ్లి కూర్చుంది. వర్షిత చాలాసేపు ఆ వీపు వైపు చూసింది.

మరునాడు ఆశా వర్కర్ స్వరూప వచ్చింది. వర్షిత మందుబిళ్లలు వేసుకుంటోందా లేదా అని అడిగి, కాళ్ల వాపు చూసి, లేవబోతూ గోడవారన ఉన్న పళ్లెం దగ్గర ఆగింది.

“నర్సింగవ్వా, చేతులు చూపెట్టు.”

“నా చేతులకేమైందే?”

“మొన్న మచ్చల సర్వేకు వచ్చినప్పుడు గూడ కొంగుల దాసినవ్. అప్పుడు ఊకున్న. ఇప్పుడు ఊకోను.”

నర్సింగమ్మ దాచడానికి కారణం ఉంది. ఊరివాళ్లు అనుకుంటున్నది గజ్జి మాత్రమే. ఆమె లోలోపల భయపడుతున్నది పెద్ద రోగం గురించి, కుష్ఠు గురించి. చిన్నప్పుడు తమ వాడలో వేళ్లు కురచబడిన ఒక ముసలాయనను చూసింది. ఆ మాట ఇంట్లో ఎవరి ముందూ అనలేదు. ఇప్పుడూ అనలేదు. చేతులు మాత్రం చాచింది.

“కండ్లు మూసుకో,” అంది స్వరూప. రాసే కలం మొనను ఆమె అరచేతి మీద ఒకచోట తేలిగ్గా ఆనించింది. “ఏడ ముట్టిన? ఏలు పెట్టి చూపెట్టు.”

నర్సింగమ్మ కళ్లు మూసుకునే సరిగ్గా అక్కడే చూపించింది. స్వరూప మణికట్టు మీద, వేళ్ల వెనక, బొటనవేలి మొదట్లో ఆనించింది. అన్నీ సరిగ్గా చూపించింది. చూపుడువేలి నెర్రె మీద కలం తగిలేసరికి, “ఓర్నీ! నెత్తురు తీస్తవానే పోరీ, నీ చేతులిరగ!” అని గుంజుకుంది.

“స్పర్శ మంచిగున్నది. తిట్టు గూడ మంచిగున్నది,” అంది స్వరూప నవ్వుతూ. తర్వాత గొంతు తగ్గించి, “నువ్వు భయపడ్డది గది కాదవ్వా. దానికి మచ్చ మొద్దుబారుతది. నీకు మొద్దు లేదు,” అంది.

తను పైకి అనని మాటకు జవాబు దొరికినందుకు నర్సింగమ్మ ఒక్కసారి గట్టిగా ఊపిరి వదిలింది.

“మరి గిదేంది?”

“నాకు తెల్వదు. తామర గావచ్చు, గజ్జి గావచ్చు, ఇంకేదన్న గావచ్చు. అన్ని ఎర్రగనే ఉంటయి, అన్ని గోకిపిస్తయి. ఊకె చూసి పేరు పెట్టుడు నా పని గాదు. రేపు వర్షితను సూర్యాపేటకు స్కానింగుకు తోలుకపోతున్నరు గద. ఆడనే చర్మం డాక్టరమ్మ ఉంటది. చూపెట్టుకో.”

స్వరూప గడప దాటకముందే వర్షిత రమకు ఫోన్ చేసింది. వాళ్లిద్దరూ ఒకే బడిలో చదివినవాళ్లు. “మీ పాపను గూడ పట్టుకరా. ఒక్కటే ఆటో,” అంది.

పొద్దున లింగస్వామి ఆటో ప్రమీలమ్మ ఇంటి ముందు ఆగేసరికి, రమ కంటే ముందు ప్రమీలమ్మ తయారై నిలబడి ఉంది. తప్పు నర్సింగమ్మ చేతులదేనని డాక్టరమ్మ నోటితో అనిపించాలి, అదీ నలుగురి ముందు అనిపించాలి అని ఆమె పట్టుదల. వెనక సీట్లో వర్షిత పక్కన నర్సింగమ్మ కూర్చుని ఉండడం చూసి, రమను పిల్లతో వెనక కూర్చోబెట్టి, తాను ముందుకు వచ్చి డ్రైవరు సీటు చివర సగం కూర్చుంది.

“వదినె, గిట్ల కూసుంటె హ్యాండిలు ఎట్ల తిప్పాలె?” అన్నాడు లింగస్వామి.

“నీ హ్యాండిలు నువ్వు తిప్పుకో. నేను మలుపుకాడ వంగుత.”

హైవే ఎక్కాక గాలికి చలి పెరిగింది. ముందు సీట్లో ప్రమీలమ్మ మలుపు లేకపోయినా వంగుతూనే ఉంది. వెనక రమ ఒళ్లో పాప నిద్రపోతూ కాళ్లు చాచింది. ఆ చిన్న పాదం నర్సింగమ్మ తొడ మీద పడింది. నర్సింగమ్మ దాన్ని జరపలేదు, పట్టుకోనూ లేదు. సూర్యాపేట దాకా చేతులు కొంగు కింద ఉంచుకుని, ఆ పాదం జారిపోకుండా తొడను మాత్రం కదలనీయకుండా కూర్చుంది.

చర్మం డాక్టరు పేరు సుచరిత. నల్లగొండ అమ్మాయి. ఆమె గదిలో ఒక బల్ల, బల్ల మీద మైక్రోస్కోపు, గోడకు వేలాడే చేతి అద్దం, ఒక పెద్ద భూతద్దం ఉన్నాయి.

“మేడం, ముందుగల ఈమె చేతులు జూడుండ్రి,” అంటూ ప్రమీలమ్మ గడపలోనే మొదలుపెట్టింది. “ఈమెకెల్లే మా పిల్లకు అంటింది. ఊరంత గదే అంటున్రు.”

“ఊరిని తర్వాత చూద్దామమ్మా. ముందు పాపను చూస్త,” అంది డాక్టరు.

పాప బట్టలు విప్పించి, అరికాళ్లు, అరచేతులు, చంకలు, బొడ్డు చుట్టూ భూతద్దంతో చూసింది. తొందరపడలేదు. పాప భూతద్దాన్ని పట్టుకోబోతే ఒక నిమిషం పట్టుకోనిచ్చింది.

“ఏమన్న రాసిన్రా?”

“దుకాణంల ట్యూబిచ్చిండు మేడం. రాస్తె ఎరుపు తగ్గినట్టే తగ్గె, మల్ల ఎక్కువాయె,” అంది రమ.

“ఇంట్లో ఇంకెవరికి దురద ఉంది?”

“ఎవ్వలకు లేదు,” అంది ప్రమీలమ్మ.

“నాకున్నది,” అంది రమ. “నడుంకాడ. చెప్పుడెందుకని ఊకున్న.”

“మీ నాయినకు?”

“ఆయినకు ఎప్పటికి ఉంటది మేడం,” అని ప్రమీలమ్మే అందుకుంది. “మా ఐలేశానికి గోక్కునుడే పని. దాన్ని లెక్కవెట్టద్దు.”

“మీకు?”

“నాకా! నాకేడిది?”

ఆ మాట అంటున్నప్పుడు ప్రమీలమ్మ కుడిచేతి గోళ్లు ఎడమచేతి గాజుల కింద పనిచేస్తున్నాయి. గదిలో ఉన్నవారందరి కళ్లూ అక్కడికే వెళ్లాయి. చివరగా ఆమె కళ్లూ వెళ్లాయి. గోళ్లు ఆగాయి.

“చెయ్యి ఇటియ్యండమ్మా.”

డాక్టరు గాజులను మోచేతి వైపు నెట్టి భూతద్దం పెట్టింది. మణికట్టు మీద, పెన్సిలు జారి పడ్డ గీతలా, గోరులో పావు వంతు పొడవున సన్నని గీత ఒకటి ఉంది. వేళ్ల సందుల్లో అలాంటివే ఇంకొన్ని ఉన్నాయి.

“రాత్రిపూట ఎక్కువైతదా?”

“పండుకుంటె సాలు మేడం,” ప్రమీలమ్మ గొంతు చిన్నదైంది. “సజ్జరొట్టె తింటున్న గద, వేడి చేసిందనుకున్న.”

డాక్టరు ఆ గీత మీద ఒక చుక్క నూనె వేసి, బ్లేడు అంచుతో గీరి, ఆ గీరినదాన్ని గాజుపలక మీద రాసి మైక్రోస్కోపు కింద పెట్టింది. కాసేపు మరలు తిప్పి, లేచి తన స్టూలు చూపించింది.

“మీరే చూడండి.”

ప్రమీలమ్మ ఒక కన్ను మూసి వంగింది. తర్వాత, “అవ్వో! గిదానికి కాళ్లున్నయి! మెదుల్తున్నది!” అని స్టూలుతో సహా వెనక్కి జరిగింది.

“గజ్జి పురుగు. చర్మం కింద సొరంగం తవ్వి గుడ్లు పెడుతది. ఒకే పక్కల పండుకున్నోళ్లకు, ఎత్తుకున్నోళ్లకు ఎక్కుతది. అందుకే ఇంట్ల ఒకరికుంటే అందరికుంటది. పాపకున్నదీ ఇదే.”

“నేను చెప్పలేదా!” అంది ప్రమీలమ్మ, దారి దొరికిన ప్రాణంతో. “ఈమె చేతులకెల్లే...”

“ఇప్పుడు ఆ చేతులు చూద్దాం.”

నర్సింగమ్మ లేచి వచ్చింది. చేతులు బల్ల మీద పెట్టే ముందు బల్లకు తగలకుండా కొంగు పరచబోయింది. డాక్టరు ఆ కొంగును పక్కకు తీసి, చేతులను తన చేతుల్లోకి తీసుకుంది. తొడుగులు లేని చేతులతోనే తీసుకుంది. నర్సింగమ్మ ఉలిక్కిపడి ఆమె ముఖంలోకి చూసింది.

“ఎన్నడు ఎక్కువైతది?”

“చలికాలం. పని బాగున్నప్పుడు.”

“రాత్రిపూట?”

“రాత్రి ఏం లేదు బిడ్డా. నీళ్లల్ల పెడితెనే మంట.”

“ఎన్నడన్న తగ్గిందా?”

నర్సింగమ్మ ఆలోచించింది. “ఎండకాలం మా బిడ్డ ఊరికి వోయిన. నాతోటి ఒక్క బోలు తోమనియ్యలేదు అది. చేతులు పట్టుతీర్గ అయినయి. మల్లొచ్చిన, మల్లొచ్చినయి.”

“మీ ఇంట్ల ఇంకెవరికన్న ఉందా?”

“ఎవ్వలకు లేదు,” అంది వర్షిత. “నేను అవ్వ పక్కనే పండుకుంట. ఇగో, చూడుండ్రి నా చేతులు.”

డాక్టరు నర్సింగమ్మ మోచేతులు, మోకాళ్లు, తలలో చర్మం, గోళ్లు చూసింది. అక్కడ మందపాటి వెండిపొలుసులు ఉంటే అది సోరియాసిస్ అయ్యేది, లేవు. తామర అయితే ఉంగరంలా అంచు లేచి నడుమ చప్పబడుతుంది. అలాంటి అంచూ లేదు. అయినా కంటిని మాత్రమే నమ్మనంటూ, పొరను గీరి మందు చుక్క వేసి ఒక పలక, వేళ్ల సందును గీరి నూనె చుక్క వేసి ఇంకొక పలక తయారుచేసింది. మొదటి పలకకు కొంత సమయం పట్టింది. ఆ కొంతసేపు అందరి కళ్లూ మైక్రోస్కోపు మీదే ఉన్నాయి. పాప మాత్రం తన పిడికిలిని నోట్లో పెట్టుకునే ప్రయత్నంలో ఉంది.

“పురుగు లేదు. బూజూ లేదు,” అంది డాక్టరు తలెత్తి. “ఇది ఎగ్జిమా అవ్వా. ఒంట్లకెల్లి ఒంట్లకు అంటేది కాదు. చర్మం మీద జిడ్డు ఉంటది, మనల్ని కాపాడేది. రోజంతా నీళ్లు, సున్నిపిండి, సబ్బు – ఇవి ఆ జిడ్డును తీసేస్తయి. ఈ మధ్య దేంతోటి కడుగుతున్నవ్?”

నర్సింగమ్మ సోడా సంగతి, కొబ్బరిపీచు సంగతి, జిల్లేడు పాల సంగతి చెప్పింది. చెబుతూ ఉంటే డాక్టరు కళ్లు మూసుకుంది.

“అంటె కడుక్కుంటె వచ్చిందా?” నర్సింగమ్మ నమ్మలేకపోయింది. “కడుక్కోకపోతె గద రోగం రావాలె!”

“అది కొన్ని రోగాలకు. దీనికి కాదు. ముందు సోడా బంద్. కొబ్బరిపీచు బంద్. మలాం ఇస్త. నీళ్లల్లకెల్లి తీసిన ప్రతిసారి వేజలైన్ రాయాలె. నీళ్ల పని తగ్గించాలె. ఒక్కసారికి మానేది కాదు, వస్తది, పోతది.”

“మరి...” నర్సింగమ్మ వర్షిత కడుపు వైపు చూసి, చూపు దించుకుంది. “పుట్టే పిల్లను నేను ముట్టొచ్చునా?”

ఆ ఒక్క మాట కోసమే తాను వచ్చినట్టు వర్షితకు అప్పుడు తెలిసింది.

“ముట్టొచ్చు. గానీ ముందు నువ్వు గూడ గజ్జి మందు ఒంటికి రాసుకోవాలె.”

“నాకు లేదంటిరి గద?”

“నాకు కనవడలేదు. కానీ ఈ పాపను నువ్వు ఎత్తుకున్నవ్, కాళ్ల మీద పండుకోబెట్టుకున్నవ్. పాపకెల్లి నీకు ఎక్కి ఉండొచ్చు. కొత్తగ ఎక్కితే బయటపడేసరికి వారాలు పడతది. అందుకని ముందే జాగ్రత్త.”

ఎవరి నుంచి ఎవరికి అన్నది ఊరు చెప్పుకుంటున్న దిశకు సరిగ్గా ఎదురుగా తిరిగింది. రమ తల్లి వైపు చూడలేదు. చూడవలసిన అవసరం లేకుండా ప్రమీలమ్మ తనంత తానే గాజులను మణికట్టు మీదికి లాక్కుంది.

తిరుగుదారిలో ఆమె ముందు సీట్లో కూర్చోలేదు. వెనకే ఇరుక్కుని కూర్చుంది. ఊరు దగ్గరపడుతుండగా రమ తన తమ్ముడు దివాకర్‌కు ఫోన్ చేసి, స్పీకరు పెట్టింది. అతడు హైదరాబాద్‌లో ప్రైవేటు హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్నాడు. దసరా సెలవులకు తన దుప్పటితో సహా ఇంటికి వచ్చి, మేనకోడలిని రొమ్ము మీద నుంచి దించకుండా గడిపి పోయాడు.

“దివా, నీకేమన్న దురద ఉన్నదారా?”

“ఎందుకక్కా? మా రూముల అందరికున్నది. ఎండకాలం సెలవులు అయినకాడి నుంచి గోక్కుంటనే ఉన్నం. హాస్టల్ నీళ్లకు గట్లనే ఉంటదట.”

“నీ నీళ్లు మండ!” అంది ప్రమీలమ్మ ఫోన్ గుంజుకుని. “నా పిల్లను ఒంటి మీద పండవెట్టుకున్నవ్ కదరా! నీ రూములున్నోళ్లందరిని దవాఖానకు తోలుకపో. పోకుంటె నేనొస్త.”

లింగస్వామి నవ్వు ఆపుకోలేక ఆటోను రోడ్డు పక్కకు తీశాడు.

ఆ మధ్యాహ్నం ప్రమీలమ్మ ఇంటి కాగులో నీళ్లకు బదులు దుప్పట్లు ఉడికాయి. దండేల మీద చోటు చాలక ఐలేశం పంచెలు కంచె మీదికి ఎక్కాయి. ఉతకడానికి వీల్లేని బొంతలను సంచుల్లో మూట కట్టి ఓ మూలన పడేశారు. పొద్దు వాలుతుండగా ప్రమీలమ్మ మందు ట్యూబు పట్టుకుని నర్సింగమ్మ ఇంటికి వచ్చింది. కాసేపు వర్షిత స్కానింగు గురించి అడిగింది. వడ్ల ధర గురించి మాట్లాడింది. చివరికి, “మెడకెల్లి పాదాల దాక రాయాలన్నది డాక్టరమ్మ. ఈపు నాకు అందుతలేదు,” అంది.

“ఐలేశం లేడా?”

“ఆయిన రాస్తనంటె నాకు కిలకిల నవ్వొస్తది. పెండ్లయినకాడి నుంచి గంతే.”

“రమ?”

“పిల్లకు రాస్తున్నది.” ప్రమీలమ్మ నేల వైపు చూసింది. “నువ్వైతె మంచిగ రాస్తవని వచ్చిన.”

నర్సింగమ్మ లోపలి గదిలో చాప పరిచింది. స్వరూప ఇచ్చిన పల్చటి తొడుగులను మెల్లగా, ఒక్కొక్క వేలూ సరిచేసుకుంటూ తొడుక్కుంది.

“తొడుగులెందుకత్తా?” అంది ప్రమీలమ్మ వెనక్కి తిరిగి.

“ఎందుకేంది? నీది నాకు అంటుకోదానె?”

ప్రమీలమ్మ ముఖం ఎర్రబడింది. తర్వాత భుజాలు కదలసాగాయి. ఏడుస్తోందేమోనని నర్సింగమ్మ చేయి ఆపింది. ఆమె నవ్వుతోంది. నవ్వుకు వీపంతా ఊగుతోంది.

“కదలకే, మందు నా కండ్లల్ల పడ్తది. నువ్వు చిన్నప్పుడు గూడ గింతే ఉండి ఉంటవ్, కుదురు లేదు.”

“అప్పుడు నేను మీ ఊర్ల లేనత్తా.”

“ఉంటె మంచిగ ఒత్తుదును. గీ వంకర ఈపు ఉండకపోవు.”

నర్సింగమ్మ మెడ కింది నుంచి మొదలుపెట్టి, ఎముక వెంట, పక్కటెముకల వెంట, నడుము మడతల దాకా పసిపిల్లకు నూనె రాసినట్టే రాసింది. ఎక్కడా వదల్లేదు. రాయడం పూర్తయ్యేసరికి ప్రమీలమ్మ మాటలు ఆగిపోయి, కళ్లు మూతలుపడ్డాయి.

వారం తర్వాత ప్రమీలమ్మ ఇంటిల్లిపాదీ, నర్సింగమ్మా మరోసారి మందు రాసుకున్నారు. పాప పొక్కులు ఎండాయి. నర్సింగమ్మ పళ్లెం మళ్లీ అందరి పళ్లేలలో కలిసింది. ఆ పని చేసింది వర్షిత, ఎవరినీ అడగలేదు.

అయితే పాలకేంద్రం దగ్గరి మాట అంత తొందరగా మానలేదు. నర్సింగమ్మకు మందిచ్చి డాక్టరమ్మ బాగుచేసిందట, అందుకే ప్రమీలమ్మ పిల్లకు తగ్గిందట అని కొత్తగా చెప్పుకున్నారు. ప్రమీలమ్మ ఆ మాట విన్నచోటల్లా గాజులు పైకి నెట్టి, “పురుగు నా చేతి మీద దొరికింది, ఆమె చేతి మీద గాదు. నేనే కండ్లార చూసిన, కాళ్లు గూడ ఉన్నయి,” అని పోట్లాడింది. కొందరు నమ్మారు. కొందరు ఎందుకైనా మంచిదని నమ్మలేదు.

వర్షితకు కొడుకు పుట్టాడు. సూర్యాపేట నుంచి ఇంటికి తెచ్చాక, బొడ్డు రాలి మానిన తరువాత, పెరట్లో బండ కడిగి పీట వేశారు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు వచ్చి గోడవారన నిలబడ్డారు. చూడడానికి వచ్చామని ఎవరూ అనలేదు. అందరూ చూస్తూనే ఉన్నారు.

నర్సింగమ్మ పీట మీద కాళ్లు చాచి కూర్చుంది. నూనె గిన్నె దగ్గర పెట్టుకుంది. చేతులను మాత్రం ఒళ్లో పెట్టుకుని అలాగే ఉండిపోయింది. వేళ్ల మీద ఎరుపు తగ్గింది గానీ పొర పూర్తిగా పోలేదు. గోడవారన ఉన్నవాళ్లకూ అది కనిపిస్తోందని ఆమెకు తెలుసు.

“ఇంకోరోజు చూద్దామానె వర్షితా? పూర్తిగ మాననీ.”

“మానదన్నది గద డాక్టరమ్మ? వస్తది, పోతదన్నది. అప్పటిదాక నా కొడుకు మురికితోనే ఉండాల్నా?” అంటూ వర్షిత పిల్లవాణ్ని తెచ్చి ఆమె కాళ్ల మీద పెట్టేసింది.

పిల్లవాడు జారబోయాడు. నర్సింగమ్మ చేతులు ఆలోచించకుండానే వాణ్ని పట్టుకున్నాయి.

“చెంబు నాకియ్యి,” అంటూ ప్రమీలమ్మ ముందుకు వచ్చి కాగు పక్కన కూర్చుంది. “నీళ్లు నేను పోస్త. నువ్వు నూనె రాయి, పట్టుకో. నీళ్ల పని తగ్గించుకోమన్నది నేను గూడ విన్న.”

“మొకం మీద పొయ్యకు. నీకు చెయ్యి నిలువదు.”

“నువ్వు చెప్పు, నేను పోస్త.”

నర్సింగమ్మ చెప్పింది, ప్రమీలమ్మ పోసింది. తలకు, భుజాలకు, నడుముకు, మడమలకు నర్సింగమ్మ నూనె పట్టింది. ముక్కు చివర లాగి, తల గుండ్రంగా ఒత్తి, చేతులు కాళ్లు అడ్డంగా కలిపి విప్పి, చివరికి సాంబ్రాణి పొగ మీద ఒకసారి తిప్పి వర్షితకు అందించింది. తర్వాత పెట్టెలోంచి వేజలైన్ తీసి తన వేళ్లకు రాసుకుంది.

ఆ ఏడు చలి ఎక్కువ. మాఘమాసంలో నర్సింగమ్మ చేతులు మళ్లీ పగిలాయి. చూపుడువేలి నెర్రె నుంచి రెండుసార్లు నెత్తురు కూడా వచ్చింది. పిల్లవాడికి మూడో నెల నిండింది. రోజూ ఆ చేతులే వాడికి నూనె రాశాయి. వాడి ఒంటి మీద ఒక్క పొక్కు లేదు.